ఫెర్రారి వారు

ఇటలీ దేశపు ఉత్తరభాగమున పో అను మహానది పడమటినుండి తూర్పునకు ప్రవహించుచున్నది. ఆ నదికి ఇరుదెసల విశాలమైన మైదానములు కలవు. మిలాను, పార్మా, మోదెనా, బొలోన్యా మొదలగు పట్టణములు ఆ మైదానములలోనివే. ఒకనాటి యుదయమున మనము అట్టి పట్టణములలోని యొక పాఠశాలకు పోయి, తరగతి గుమ్మమున నిలిచి, ఉపాధ్యాయుడు హాజరు వేయుచుండగా ఆలకింతము. అచ్చట పట్టీలో విద్యార్థుల ఇంటిపేరులనే మొదట వ్రాయుదురు. వానినే అక్షరక్రమమున చదువుదురు. "బార్బియేరి" అని పిలువగానే ఒక బాలుడు "ప్రెసెంతె" అని బదులు పలుకును. పిమ్మట "ఫెర్రారి" అనగా ఒక బాలిక చేయి యెత్తును. తరువాత "మొలినారి", ఆ తరువాత "సర్తోరి".

ఆ భాష యెరిగినవానికి ఈ పట్టీ వినుట వినోదముగా నుండును. బార్బియేరి యనగా మంగలి. ఫెర్రారి యనగా కమ్మరి. మొలినారి యనగా పిండిమర నడుపువాడు. సర్తోరి యనగా బట్టలు కుట్టువాడు. ఒక పాతకాలపు పల్లెలోని వృత్తులవారందరును వచ్చి యా బల్లలపై కూర్చున్నట్లుండును. కాని ఆ మంగలివారి అబ్బాయి తండ్రి వైద్యుడు కావచ్చును. ఆ కమ్మరివారి అమ్మాయి ఇనుమును ఎఱ్ఱగా కాల్చుట ఎన్నడును చూచి యుండకపోవచ్చును. పని పోయినది, పేరు నిలిచినది.

ఈ పేరులన్నిటిలో ఫెర్రారి అనునది ఇటలీయందు మిక్కిలి ప్రచారము గలది. ఆ దేశమున అందరికంటె ఎక్కువమందికి గల ఇంటిపేరు రోస్సి. రెండవది రుస్సో. ఈ రెండును ఎఱుపు అను అర్థము గలవే; ఎఱ్ఱని జుట్టో, ఎఱ్ఱని మోమో గల పూర్వుని బట్టి వచ్చినవి. మూడవ స్థానము ఫెర్రారిది. కనుక వృత్తిని బట్టి యేర్పడిన ఇంటిపేరులలో దీనిదే మొదటి స్థానము. ఇంతమంది కమ్మరులు ఎచ్చటినుండి వచ్చిరి? ఈ ప్రశ్నకు సమాధానము కొంత భాషలోను, కొంత చరిత్రలోను కలదు.

లాటిను భాషలో ఇనుమునకు ఫెర్రుమ్ అని పేరు. ఇనుపపని చేయువాడు ఫెర్రారియుస్. ఫబెర్ అని మరియొక పదము కలదు; అది గట్టి వస్తువుతో పనిచేయు శిల్పి యెవనికైనను చెల్లును. కొయ్యపనివాడును ఫబెరే, ఇనుపపనివాడును ఫబెరే. అందువలన స్పష్టత కావలసినపుడు ఫబెర్ ఫెర్రారియుస్ అని రెండును కలిపి చెప్పెడివారు. కాలక్రమమున కొన్ని సీమలవారు మొదటి పదమును, కొన్ని సీమలవారు రెండవ పదమును ఉంచుకొనిరి. ఈ చీలిక నేటి ఇంటిపేరులలో కూడ కనబడుచున్నది.

పూర్వకాలపు పల్లెలో కమ్మరి స్థానమెట్టిదో మనము ఒకింత ఊహించుకొనవలెను. రైతునకు నాగటికఱ్ఱు కావలెను. కోతకు కొడవలి కావలెను. కట్టెలకు గొడ్డలి, గుఱ్ఱమునకు లాడములు, బండిచక్రమునకు ఇనుపకమ్మి, తలుపునకు గొళ్ళెము కావలెను. వీనిలో దేనిని గాని రైతు తన యింట చేసికొనజాలడు. రొట్టె కాల్చుకొనవచ్చును, నూలు వడుకుకొనవచ్చును, గోడ పెట్టుకొనవచ్చును. కాని కొలిమి, తిత్తి, దాగలి, సమ్మెట లేనిదే కఱ్ఱు సాగదు. అందుచేత ప్రతి పల్లెకును ఒక కమ్మరి తప్పనిసరి. అయితే ఒక పల్లెకు ఒకడే చాలును. ఈ రెండవ సంగతి ముఖ్యమైనది. ఊరిలో నూర్గురు సేద్యగాండ్రుండగా "సేద్యగాడైన జొవాన్ని" అని చెప్పినచో ఏ జొవాన్నియో తెలియదు. "కమ్మరి జొవాన్ని" యన్నచో తడుముకొనవలసిన పని లేదు. పేరు అనునది గుర్తు కొరకు గదా! అందరు చేయు పని గుర్తునకు పనికిరాదు. ఒక్కడు చేయు పనియే పనికివచ్చును. జనులలో పెక్కుమంది వ్యవసాయముమీద బ్రతికిన దేశమున సేద్యమును తెలుపు ఇంటిపేరుకంటె కమ్మరమును తెలుపు ఇంటిపేరు ఎక్కువ వ్యాపించుటకు కారణము ఇదియే.

ఇటలీలో ఇంటిపేరులు ఎల్లకాలము ఉన్నవి కావు. ప్రాచీన రోమనులకు మూడేసి పేరులుండెడివి. గాయుస్ జూలియుస్ సీజరు అను పేరులో నడిమిది వంశనామము. క్రీ. శ. 476లో పశ్చిమ రోమను సామ్రాజ్యము కూలినది. ఆ పద్ధతి అంతకుముందే సడలుచుండెను. పిమ్మట అది పూర్తిగా మాసిపోయినది. కొన్ని శతాబ్దుల కాలము ఒక మనుష్యునకు ఒకటే పేరు. జనులు కొలదిగా నున్నపుడు అది చాలినది. సుమారు పదవ శతాబ్దినుండి పట్టణములు మరల పెరిగినవి, వర్తకము హెచ్చినది, భూముల క్రయవిక్రయములు హెచ్చినవి. ఒకే వీథిలో పదిమంది పియెత్రోలు చేరిరి. అప్పు తీసికొన్న పియెత్రో ఎవడు? పొలమమ్మిన పియెత్రో ఎవడు? దస్తావేజులు వ్రాయు నోటరీలకు ఇది నిత్యము తలనొప్పి యైనది. వారు పేరుప్రక్కన ఏదో యొక గుర్తు చేర్చసాగిరి: తండ్రి పేరో, ఊరి పేరో, శరీరలక్షణమో, లేక వృత్తియో.

ఆ నోటరీలు లాటినులో వ్రాసెడివారు. "పేత్రుస్ ఫిలియుస్ ఫెర్రారీ" అని వ్రాసినచో "కమ్మరి కొడుకు పేత్రుడు" అని యర్థము. ఇచ్చట "ఫెర్రారీ" అనుటలోని "ఈ" షష్ఠీ విభక్తిని తెలుపును. కొడుకు కొలిమియొద్ద కూర్చున్నను, కూర్చుండక దుకాణము పెట్టుకొన్నను, పత్రములో అతడు కమ్మరి కొడుకే. మనుమని కాలమునకు "కొడుకు" అను మాట జారిపోయి, "పేత్రుస్ ఫెర్రారీ" యని మిగిలినది. ఇటాలియను భాషలో పదాంతమందలి "ఇ" బహువచనమునకు కూడ గుర్తు. అందుచేత జనులు ఆ పేరును "కమ్మరులు", అనగా కమ్మరివారు, అని గ్రహించుకొనిరి. మనము ఒక కుటుంబమును ఇంటిపేరు చెప్పి "ఫలానా వారు" అనుట ఎట్టిదో ఇదియు అట్టిదే. షష్ఠి, బహువచనము అను రెండు దారులును కలసి ఒకే పదమును నిలిపినవి.

అయినను ఇది ఒక్కనాడు జరుగలేదు. 1427వ సంవత్సరమున ఫ్లారెన్సు ప్రభుత్వము పన్ను వేయుటకై ప్రతి కుటుంబముయొక్క ఆస్తిని లెక్క వ్రాయించినది. ఆ లెక్కలు నేటికిని నిలిచియున్నవి. వానిలో పెక్కుమంది గృహస్థులకు ఇంటిపేరు లేదు. తండ్రి పేరు, తాత పేరు మాత్రమే యున్నవి. ధనికులకు ఇంటిపేరు ముందుగా వచ్చినది. వంశము, ఆస్తి, పదవి గలవానికే తన పూర్వులను చెప్పుకొనవలసిన యవసరము. బీదవానిని ఇరుగుపొరుగువారు ఎరుగుదురు. అది వానికి చాలును.

బీదవానికిని పేరు స్థిరపరచినది చర్చి. త్రెంతో అను పట్టణమున 1545 మొదలు 1563 వఱకు నడుమ నడుమ ఆగుచు ఒక మహాసభ జరిగినది. ప్రతి గ్రామపు మతగురువును వివాహములను పుస్తకమున నమోదు చేయవలెనని ఆ సభ 1563లో శాసించినది. సమీప బంధువుల నడుమ వివాహములు జరుగకుండ చూచుట దాని యుద్దేశములలో నొకటి. బంధుత్వము తేల్చవలెనన్న తరతరములకు మారని పేరు కావలెను గదా! అంతవఱకు అటునిటు ఊగిన పేరులు ఆ పుస్తకములలో స్థిరపడినవి. గురువు కలము పట్టిన దినమున ఆ యింటివానిని ఊరివారు ఏమని పిలుచుచుండిరో, ప్రాయికముగా అదియే వాని సంతతికి శాశ్వతమైనది.

కలము పట్టినవాడు తన సీమ ఉచ్చారణను బట్టి వ్రాసెను. అందుచేత ఒక్క కమ్మరియే దేశమంతట పలు వేషములు ధరించినాడు. లొంబార్దియా, ఎమీలియా సీమలలో ఫెర్రారి. దక్షిణమున కంపానియా, కలాబ్రియా, సిసిలీలయందు ఫెర్రారో. వాయవ్యమున ఆల్ప్సు పర్వతముల క్రింది పియెమొంతెలో ఫెర్రేరో. "దె ఫెర్రారీస్" అను లాటిను రూపమునుండి ఫెర్రారిస్. ఫబెర్ అను పదమును ఉంచుకొన్నవారిలో తొస్కానా, రొమాన్యా వాసులకు ఫాబ్రి. ఈశాన్యమున ఫ్రియూలీ ప్రాంతమున ఫాబ్రిస్. వెనీసు సీమలో బకారము వకారమై ఫవేరో, ఫవారో. ఆల్ప్సు దాటి ఫ్రాన్సు చేరునప్పటికి అదియే ఫాబ్ర్, లెఫెవ్ర్ అయినది. ఒక ఇటాలియను పేరు వినినంతనే అతని తాతలు ఏ దిక్కువారో చెప్పగల నేర్పరులు కలరు. ఎమీదియో దె ఫెలీచె అను భాషాశాస్త్రజ్ఞుడు 1978లో ఇటాలియను ఇంటిపేరులకు ఒక నిఘంటువును ప్రకటించెను. ఇట్టి సంగతులు తెలియగోరువారికి అది గొప్ప ఆధారము.

ఇచ్చట ఒక పొరపాటును తొలగింపవలెను. ఫెర్రారి అను పేరు గలవారందరు ఒక్క మూలపురుషుని సంతతివారని కొందరు తలతురు. కొలుము పేరు చెప్పి, రంగుల చిహ్నము చిత్రించి, "ఇది మీ వంశముద్ర" యని అమ్మువారును కలరు. అది వట్టి మాట. కొలిమి యున్న ప్రతి పల్లెలోను ఈ పేరు వేఱువేఱుగా పుట్టినది. మోదెనాలోని ఫెర్రారికిని మిలానులోని ఫెర్రారికిని వారి పూర్వులిరువురు ఇనుము కొట్టిరనుటకంటె వేఱు బంధుత్వము ఉండనక్కరలేదు. ఆ రాజముద్రకంటె ఆ సమ్మెటయే నిజమైన చిహ్నమని నా తలంపు.

పేరును బట్టి పనిని ఊహించుటయు ప్రమాదమే. బ్రేషా నగరమునకు ఉత్తరమున త్రొంపియా లోయ కలదు. అచ్చట ఇనుపగనులును, తుపాకులు చేయు కర్మశాలలును ప్రసిద్ధములు. 1526లో ఆ లోయలోని గార్దొనె గ్రామపు పనివాడొకడు వెనీసు ఆయుధాగారమునకు 185 తుపాకి గొట్టములు చేసియిచ్చి 296 డకాటులు పుచ్చుకొనెను. ఇంత పేరు పొందిన ఇనుపపనివాని యింటిపేరు ఫెర్రారి కాదు, బెరెత్తా, అనగా టోపీ!

ఇక ఈ పేరు ధరించిన ఇరువురు మువ్వురిని స్మరింతము. వారిలో నాకు మిక్కిలి ఇష్టుడు లొదొవీకో ఫెర్రారి. అతడు 1522లో బొలోన్యాలో జన్మించెను. పదునాలుగేండ్ల ప్రాయమున, అనగా ఇంచుమించు మీ యీడుననే, మిలానులో జెరోలమో కర్దానో అను వైద్యుని యింట సేవకుడుగా కుదిరెను. కర్దానో గొప్ప గణితవేత్త కూడ. కుఱ్ఱవానికి చదువను వ్రాయను వచ్చునని కనిపెట్టి అతడు వానిని లేఖకునిగా చేసికొని, గణితము నేర్పెను. ఇరువదియేండ్లు నిండకమునుపే ఆ బాలుడు నాలుగవ ఘాత సమీకరణమును సాధించు మార్గమును కనుగొనెను. అంతవఱకు ప్రపంచమున ఎవరును దానిని సాధింపలేదు. కర్దానో 1545లో ప్రకటించిన తన గ్రంథమున ఈ సాధనమును చేర్చి, అది ఫెర్రారిదేయని స్పష్టముగా చెప్పెను. పనివాని పనిని యజమాని తనదిగా చెప్పుకొనుట వింత కాని ఆ దినములలో ఇది చిన్న సంగతి కాదు.

మూడవ ఘాత సమీకరణమును గూర్చి అదే కాలమున ఒక వివాదము చెలరేగినది. కర్దానో పక్షమున ఫెర్రారియు, ఎదుటి పక్షమున నికొలో తర్తాల్యాయు 1548 ఆగస్టు 10వ తేదీన మిలానులో బహిరంగ వాదమునకు దిగిరి. తర్తాల్యా మొదటి దినము కాగానే ఊరు విడిచిపోయెను. జయము ఫెర్రారికి లభించినది. తర్తాల్యా అనునది పుట్టుకతో వచ్చిన పేరు కాదు. 1512లో ఫ్రెంచి సైనికులు బ్రేషా నగరమును కొల్లగొట్టినపుడు బాలుడైన నికొలో దవడపై కత్తి వ్రేటు పడినది. తల్లి సేవచేత అతడు బ్రతికెను గాని మాట తడబడసాగెను. ఊరివారు "తర్తాల్యా", అనగా నత్తివాడు, అని వెక్కిరించిరి. అతడు ఆ వెక్కిరింతను దాచుకొనలేదు. తన గ్రంథములపై తానే ఆ పేరు వేసికొనెను. ఆ సభలో ఎదురుపడినవి రెండు పేరులు: ఒకటి ఎవనిదో తెలియని పూర్వుని కొలిమినుండి వచ్చినది, రెండవది తన మేనిపై తానే భరించిన గాయమునుండి వచ్చినది.

గలిలేయో ఫెర్రారిస్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 1847లో పియెమొంతెలో పుట్టెను. 1885లో తురీనులో పరిభ్రమించు అయస్కాంత క్షేత్రమును కల్పించి చూపెను. నేడు మన యిండ్లలో తిరుగు పంకాలకును, యంత్రశాలలలోని పెక్కు మోటారులకును ఆ సూత్రమే మూలము. అతడు 1897లో మరణించెను. అతడు పుట్టిన గ్రామము ఇప్పుడు లివొర్నో ఫెర్రారిస్ అని అతని పేరుతోనే పిలువబడుచున్నది. ఫెర్రేరో అను పేరు పిల్లలెఱిగినదే. 1946లో అల్బా పట్టణమున మిఠాయిల వ్యాపారముగా నెలకొనిన సంస్థ అది. ఇనుమునకును మిఠాయికిని ఎంత దూరమో!

పందెపు కారుల వలన ఫెర్రారి అను పేరును జగమంతట చాటినవాడు ఎంజో ఫెర్రారి. అతడు 1898 ఫిబ్రవరి 18వ తేదీన మోదెనాలో జన్మించెను. ఆ దినములలో మంచు మిక్కుటముగా కురిసినందున తండ్రి నగర కార్యాలయమునకు పోజాలక, జననము 20వ తేదీన నమోదైనదని చెప్పుదురు. అతని తాత కార్పి అను ఊర పచారు సరకులమ్మువాడు. తండ్రి అల్ఫ్రేదో మాత్రము ఇంటియొద్దనే లోహపుపనుల కర్మశాల నెలకొల్పెను. కమ్మరివారి యింటికి ఎన్ని తరముల తరువాతనో సమ్మెట మోత మరల వచ్చినది! ఎంజో 1929లో పందెపు జట్టును స్థాపించెను. అతని పేరు ధరించిన మొదటి కారు 1947లో మరనెల్లో గ్రామపు కర్మశాలనుండి వెడలినది. అతడు 1988లో కన్నుమూసెను.

పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమునుండి లక్షలకొలది ఇటాలియనులు బీదతనము వలన ఓడలెక్కి బ్రెజిలు, అర్జెంటీనా, అమెరికా దేశములకు వలసపోయిరి. వారితో ఈ పేరును సముద్రము దాటినది. 1984లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి ఒక ప్రధాన పక్షము తరఫున నిలిచిన మొదటి మహిళ జెరాల్డీన్ ఫెర్రారో. ఆమె తండ్రి ఇటలీనుండి వచ్చినవాడు.

తనంత తాను ఇల్లు వదలి పోయినవాని పేరు అతనితో పోవును. ఇల్లు వదలనివాని పేరును ప్రభుత్వమే తీసికొనినచో? ఇటలీ చరిత్రలో అదియు జరిగినది. మొదటి ప్రపంచ యుద్ధానంతరము త్రియెస్తె, గొరీత్సియా, ఇస్త్రియా ప్రాంతములు ఇటలీకి చేరినవి. అచ్చట స్లొవీనులు, క్రొయేషియనులు పెక్కుమంది నివసించుచుండిరి. 1922లో ముస్సోలినీ అధికారమునకు వచ్చెను. 1926లో త్రెంతో ప్రాంతమునకై చేసిన యొక శాసనమును 1927లో ఈ ప్రాంతములకును విస్తరింపజేసిరి. దాని వలన స్లావు భాషల ఇంటిపేరులు ఇటాలియను రూపములకు మార్పబడినవి. కొన్నిటికి చివరి అక్షరములను కత్తిరించిరి. కొన్నిటిని అనువదించిరి. వొదొపీవెత్స్ అనగా ఆ భాషలో నీళ్ళు త్రాగువాడు. అదే అర్థము గల బెవిలాక్వా అను పేరు వానికి తగిలించిరి. అర్థము మారలేదు గదా యని ఆ అధికారులు తలచిరి కాబోలు. కాని తాత సమాధిపై నున్నది ఒక పేరు, మనుమని బడి పట్టీలో నున్నది మరియొక పేరు. ముస్సోలినీ పాలన 1943లో పడిపోయినది. తరువాతి కాలమున పూర్వపు పేరును తిరిగి పొందుటకు చట్టము అవకాశమిచ్చినది. కొందరు పొందిరి, కొందరు మారిన పేరుతోనే యుండిపోయిరి.

మరియొక మార్పు ఇటీవలిది. ఇటలీలో బిడ్డకు తండ్రి ఇంటిపేరే సంక్రమించుట చిరకాలపు ఆచారము. వివాహమైనను స్త్రీ తన పుట్టినింటి పేరును వదలదు గాని, దానిని బిడ్డకు ఇయ్యజాలకుండెను. 2022లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము ఈ నియమమును కొట్టివేసినది. తల్లిదండ్రులు ఒకరి పేరే చాలునని ఒప్పుకొననిచో బిడ్డకు ఇరువురి పేరులును వచ్చును. కమ్మరివారి యాడుబిడ్డకు గల పేరు ఆమెతోనే ఆగిపోవలసిన పని యిక లేదు.

మరల ఆ తరగతి గుమ్మమునకు పోదము. నేటి మిలానులో అధికసంఖ్యాకులకు గల ఇంటిపేరులలో హు అను చైనా పేరును చేరినది. చైనానుండియు, ఆఫ్రికానుండియు, అరబ్బు దేశములనుండియు వచ్చినవారి బిడ్డలు ఆ బల్లలపై కూర్చుండి చదువుకొనుచున్నారు. కనుక ఉపాధ్యాయుడు "ఫెర్రారి" అని పిలిచి, ఆ బాలిక పలికిన తరువాత, అక్షరక్రమమున "హద్దాద్" అని పిలువవచ్చును. అరబ్బీ భాషలో హద్దాద్ అనగా కమ్మరి.